చిన్న పల్లెబడి ఫలితములు – ఇంటిభాష

గ్రామ ప్రాథమిక పాఠశాల ఫలితములను శాతములలో కొలుచుట వాడుక. పెద్ద పాఠశాలకు ఈ కొలత కొంత తగును. చిన్న పాఠశాలకు తగదు. తరగతిలో అయిదుగురే పిల్లలున్నచోట ఒక్కడు పరీక్ష తప్పినచో ఉత్తీర్ణత 100 నుండి 80 శాతమునకు పడిపోవును. ఆ ఒక్కని జ్వరమో, తల్లిదండ్రుల వలసయో పాఠశాల దోషముగా లెక్కకెక్కును.

జనసంఖ్యా వివరముల సంగతియు ఇట్టిదే. ‘షెడ్యూల్డు తెగలు’ అను ఒకే గడిలో సవర బాలిక, కోయ బాలుడు, బంజారా బాలుడు చేరుదురు. సవర ముండా భాష. కోయ ద్రావిడ భాష. బంజారా ఇండో-ఆర్య భాష. తెలుగు వాచకము ఈ మువ్వురికిని సమానముగా సుగమము కాదు.

అవిభక్త ఆంధ్రప్రదేశమున 2004లో ప్రారంభమైన మాతృభాషాధార బహుభాషా విద్యాపథకము ఈ భేదమును గుర్తించినది. సవర, కొండ, కువి, కోయ, కొలామి, గోండి, బంజారా, ఆదివాసి ఒడియా అను ఎనిమిది భాషలలో, తెలుగు లిపియందే, వాచకములు వెలువడినవి. అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము అంతకు ముందే నిర్దేశించియున్నది.

కావున చిన్నబడిని నిలుపుటకో, మూయుటకో తీర్పు చెప్పుటకు ఒక్క సంవత్సరపు శాతము చాలదు. పలు సంవత్సరముల ఫలితములను కలిపి చూడవలెను. ప్రతి విద్యార్థి ఇంట పలుకు భాషను, బడిలో చేరిన నాటి తెలుగు పరిచయమును పట్టికలో చేర్చి ఫలితములతో పోల్చవలెను. అట్లు కానిచో భాషాదూరము బుద్ధిమాంద్యముగా పరిగణింపబడును.