నచ్చని బండి: ఉంచుకోవడమా, ఎక్స్ఛేంజా, నేరుగా అమ్మకమా?

సమస్య

ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా కామారెడ్డికి సుమారు 40 కిలోమీటర్లు. ఎల్లారెడ్డిలో ఇల్లు, కామారెడ్డిలో ప్రైవేటు ఉద్యోగం ఉన్న ఇరవయ్యారేళ్ల యువకుడికి ఇది రోజూ రెండుసార్లు తప్పని దారి. యాసంగి వడ్లు అమ్మిన డబ్బులోంచి తండ్రి ఇచ్చిన 60,000 రూపాయలు ముందు కట్టి, మిగిలిన 1,75,000 ఫైనాన్స్ మీద తీసుకుని, 2025 మే నెలలో అతను 350 సీసీ బండి ఇంటికి తెచ్చుకున్నాడు. చాలాకాలంగా కోరుకున్న బండి అది. మూడు నెలలు గడిచేసరికి నడుము పట్టేయడం మొదలైంది. ఆఫీసు దగ్గర ఇరుకు సందులో బండిని వెనక్కి లాగాలంటే ఎవరో ఒకరు చెయ్యి వేయాల్సి వస్తోంది. జీతం 22,000. కిస్తీ 6,465, పెట్రోలు ఆరు వేల పైన. సగానికి మించి జీతం బండికే పోతోంది.

పన్నెండు కిస్తులు కట్టాక అతను బండి మార్చే ఆలోచనకు వచ్చాడు. ఒక షోరూంలో ఎక్స్ఛేంజ్ కింద పాత బండికి 1,20,000 ధర కట్టి, కొత్త 100 సీసీ బండిని మళ్లీ ఫైనాన్స్ మీదే ఇస్తామన్నారు. తెలిసిన మెకానిక్ ఒకరు 1,45,000 ఇచ్చే మనిషిని చూపించాడు. ఇంట్లో మాత్రం ఇంకా మాట ఎత్తలేదు. మాకు పంపిన లేఖ చివర అతను రాసిన వాక్యం ఇది: ‘‘బాపు వడ్ల పైసలు పోసి కొనిచ్చిండు, ఏడాది తిరగకముందే అమ్ముతనంటే ఏం చెప్పాలె?’’

సలహా

రిజిస్ట్రేషన్ అయి టీజీ 17 నంబరు పడ్డాక ‘నచ్చలేదు’ అనే కారణంతో షోరూంకు బండి తిప్పి ఇచ్చే హక్కు ఏ చట్టంలోనూ లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువులో లోపం ఉంటేనో, అమ్మినవారు మోసం చేస్తేనో ఆదుకుంటుంది. బండి బాగుండి, అది మనిషికీ అతని దారికీ కుదరకపోవడం లోపం కింద రాదు. కాబట్టి వాపసు అన్న దారి ఇక్కడ లేదు. ఉంచుకోవడం, ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వడం, నేరుగా అమ్మడం అనే మూడు దారులే ఉన్నాయి.

కొన్ననాటి ధరను మనసులో పెట్టుకుంటే ఈ మూడింటిలో ఏదీ సరిగ్గా కనిపించదు. షోరూం ధర 2,00,000 అయితే ఇంటికి వచ్చేసరికి 2,35,000 అయింది. అందులో షోరూం ధర మీద అప్పటి 12 శాతం లెక్కన లైఫ్ ట్యాక్స్ 24,000. మిగిలింది బీమా, ఇతర ఖర్చులు. 150 సీసీ నుంచి 350 సీసీ వరకు ఉన్న కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒక్కటే అప్పట్లో 7,365 రూపాయలు. ఈ సొమ్మును కొనేవాడు పూర్తిగా ధరలో కలిపి ఇవ్వడు. బండి ఉంచుకున్నా అమ్మినా అది తిరిగి రాదు గనుక, ఇప్పటి నిర్ణయంలో దాన్ని నష్టంగా లెక్కించకూడదు.

ధర పడిపోవడానికి మరో కారణం ఉంది. అందులో యువకుడి తప్పు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అంతకుముందు రెండు లక్షలకు అమ్మిన బండి పన్ను తగ్గింపుతో దాదాపు 15,600 తక్కువకు వస్తుంది. కొత్తది తగ్గితే సెకండ్ హ్యాండ్ ధర కూడా దాని వెంటే దిగుతుంది. మే నెలలో కొన్నవాళ్లందరికీ ఈ దెబ్బ తగిలింది. బేరంలో ధర తక్కువ పలికితే బండి చెడిందనో, మోసపోతున్నాననో అనుకోనక్కర్లేదు.

ఇక ఫైనాన్స్ సంగతి. అసలు ముడి ఇక్కడే ఉంది. ఇలాంటి అప్పుల్లో వడ్డీని తరచుగా ‘ఫ్లాట్’ పద్ధతిలో చెబుతారు. 1,75,000 మీద ఏడాదికి 11 శాతం చొప్పున మూడేళ్లకు వడ్డీ 57,750. అసలుతో కలిపి 36 భాగాలు చేస్తే నెలకు 6,465. వినడానికి 11 శాతమే. కానీ అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మొత్తం మీదే పడుతుంది కాబట్టి నిజమైన రేటు దాదాపు 20 శాతం. పైగా మొదటి కిస్తుల్లో వడ్డీ వాటా ఎక్కువ. పన్నెండు నెలల్లో ఈ యువకుడు కట్టింది 77,580. అందులో అసలుకు జమ అయింది సుమారు 47,500 మాత్రమే. ఇంకా 1,27,500 దాకా బాకీ ఉంటుంది. ఏడాది కట్టాం కదా, మూడో వంతు తీరి ఉంటుందన్న అంచనా తప్పుతుంది.

2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పు ఇచ్చే ప్రతి సంస్థా అసలైన వార్షిక రేటు, అన్ని చార్జీలు కలిపి ఒక వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. ఈ అప్పు ఆ తేదీ తర్వాతిదే. ఆ పత్రం తీసి చూస్తే ముందుగా బాకీ తీర్చడానికి ఎంత వసూలు చేస్తారో తెలుస్తుంది. 4 శాతం చార్జీ, దానిపై 18 శాతం జీఎస్టీ అనుకుంటే సుమారు 6,000. అంటే అప్పు నుంచి బయటపడాలంటే 1,33,500 కావాలి.

షోరూం చెప్పిన 1,20,000ను ఈ అంకె పక్కన పెట్టి చూడాలి. బండి ఇచ్చేశాక కూడా పాత అప్పులో 13,500 మిగులుతుంది. అది కొత్త అప్పులో కలుస్తుంది. కొత్త 100 సీసీ బండి రోడ్డు మీదికి వచ్చేసరికి 95,000 అనుకుంటే కొత్త అప్పు 1,08,500. చేతిలోంచి డబ్బు పెట్టకుండా బండి మారుతుంది గనుక ఈ భారం కనిపించదు. నేరుగా 1,45,000కు అమ్మితే బాకీ, చార్జీ పోను 11,500 మిగులుతుంది. కొత్త అప్పు 83,500 చాలు. రెండేళ్లకు అదే 11 శాతం ఫ్లాట్ వడ్డీ కలిపితే రెండు దారుల మధ్య తేడా 30,000 దాటుతుంది. యువకుడు ఇప్పుడు కడుతున్న లెక్కన ఇది దాదాపు ఐదు నెలల కిస్తీ.

ఉంచుకోవడం సంగతి కూడా తేల్చాలి. తొందరపడి అమ్మితే నష్టమేనని పెద్దలు చెప్పే మాట చాలా సందర్భాల్లో నిజం. వారానికి రెండుసార్లు ఊళ్లో తిరిగే మనిషికైతే అదే సలహా సరిపోయేది. ఇక్కడ మీటరు వేరే మాట చెబుతోంది. రోజుకు 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అంటే 2,000 కిలోమీటర్లు. లీటరుకు 35 ఇచ్చే బండికి 57 లీటర్లు, 60 ఇచ్చే బండికి 33 లీటర్లు. లీటరు 108 లెక్కన నెలకు 2,500 పైచిలుకు తేడా. కిస్తీలు, పెట్రోలు కలిపితే ఉన్న బండి మీద వచ్చే రెండేళ్లలో పెట్టాల్సింది సుమారు 3,03,000. నేరుగా అమ్మి 100 సీసీకి మారితే 1,88,000. రెండేళ్ల తర్వాత పెద్ద బండికి చిన్నదానికంటే 60,000 ఎక్కువ పలుకుతుందనుకున్నా, మారడమే 55,000 దాకా లాభం. ఎక్స్ఛేంజ్‌కు పోయినా ఉంచుకోవడంకంటే మేలే, కానీ ఆ లాభంలో సగానికి పైగా తరిగిపోతుంది.

నడుము నొప్పికి బండి ఒక్కటే కారణమని ముందే తేల్చేయకూడదు. ఉదాహరణకు 350 సీసీలో క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, 100 సీసీలో స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు. ఇరుకు సందులో ఆ 83 కిలోల తేడా చేతులకు తెలుస్తుంది గానీ రోడ్డు మీద నడుముకు తెలియదు. నడుమును కుదిపేది వెనుక షాక్ అబ్జార్బర్ల బిగింపు, టైర్లలో ఎక్కువైన గాలి, హ్యాండిల్ ఎత్తు, గంటకు పైగా ఒకే తీరున కూర్చోవడం. వీటిని మెకానిక్ షెడ్డులో సరిచేయించి పది రోజులు నడిపి చూడాలి. నొప్పి కాలికి దిగుతున్నా, తిమ్మిరి ఉన్నా డాక్టరును కలవాలి. చిన్న బండి మీద కూడా రోజూ 80 కిలోమీటర్లు తగ్గవు. వారంలో రెండు రోజులు ఆర్టీసీ బస్సులో వెళ్లినా ఒంటికి, పెట్రోలుకు ఊరట దొరుకుతుంది.

నేరుగా అమ్మడంలో డబ్బు కంటే కాగితానికే ఎక్కువ భయపడాలి. ‘సేల్ లెటర్ రాసుకున్నాం, మనోడే కదా, సీ బుక్కు తర్వాత మార్చుకుంటాడు’ అని బండి అప్పగించడం పల్లెల్లో, పట్టణాల్లో నిత్యం జరిగేదే. చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వాళ్లే యజమాని. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇదే చెప్పింది. ఆ కేసులోని కారు ప్రమాదం నాటికే పలువురి చేతులు మారింది. అయినా ఆ రోజున రిజిస్ట్రేషన్ పాత యజమాని పేరునే ఉండటంతో పరిహారం బాధ్యత అతని మీదే పడింది. కొన్నవాడు మంచివాడైనా అతని దగ్గర కొన్నవాడెవరో తెలియదు. ఎల్లారెడ్డిలో కూర్చున్న మనిషికి ఎక్కడో జరిగిన ప్రమాదం నోటీసు రావడానికి మార్చని సీ బుక్కు ఒక్కటి చాలు.

అందువల్ల వరుస ఇలా ఉండాలి. ముందు ఫైనాన్స్ కంపెనీ నుంచి బాకీ మొత్తం రాసిన కాగితం తీసుకోవాలి. బయానా తీసుకున్నాక, కొనేవాడు మిగిలిన డబ్బులోంచి బాకీకి సరిపడా మొత్తాన్ని ఇద్దరి ఎదుటే నేరుగా లోను ఖాతాలో కట్టాలి. కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35తో సీ బుక్కులో ఉన్న ఫైనాన్స్ పేరు తొలగుతుంది. ఆ తర్వాత ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు. రాష్ట్రం లోపలే అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహన చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. స్లాటు తీసుకుని కామారెడ్డిలోని జిల్లా రవాణా కార్యాలయానికి ఇద్దరూ కలిసి వెళ్లి రావడం ఒక్కపూట పని. ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఇవ్వడం ఎంత దగ్గరివారి విషయంలోనైనా వద్దు. పాత చలాన్లు ఏమైనా ఉంటే ముందే కట్టేయాలి.

ఒకవేళ ఎక్స్ఛేంజ్‌కే మొగ్గితే ఇదే జాగ్రత్త ఇంకో రూపంలో అవసరం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పాత వాహనాల వ్యాపారి రవాణా శాఖ నుంచి అధికారపత్రం పొందాలి. అలాంటి వ్యాపారికి బండి అప్పగించినట్టు ఫారం 29సీలో తెలియజేస్తే అప్పటినుంచి బాధ్యత అతనిది. షోరూం వాళ్లను ఆ అధికారపత్రం చూపించమని, ఫారం నకలు ఇమ్మని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఇవ్వలేమంటే బండి అక్కడ వదలకూడదు.

కొత్త బండే కావాలన్న పట్టు కూడా అవసరం లేదు. రెండు మూడేళ్లు నడిచిన 100 సీసీ బండి దొరికితే అప్పు ఇంకా చిన్నదవుతుంది. అయితే కామారెడ్డి జిల్లాలో ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. 2025 ఆగస్టు చివరి వారం వానలకు పట్టణంలో కాలనీలే మునిగాయి. నీళ్లలో నానిన బండ్లు కడిగి, రంగు వేసి అమ్మకానికి వచ్చే అవకాశం ఉంటుంది. సీటు విప్పి కింద బురద మరకలు, వైర్ల కప్లింగుల్లో తుప్పు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఒండ్రు ఉన్నాయేమో నమ్మకమైన మెకానిక్‌తో చూపించుకోవాలి.

తండ్రికి చెప్పడం అన్నిటికంటే ముందు జరగాలి, బేరం కుదిరాక కాదు. ఆయన వడ్లు అమ్మి ఇచ్చింది కొడుకు సుఖంగా వెళ్లి రావాలని. ఆ దారి కష్టంగా ఉందని తెలిస్తే ఆయన మాట్లాడేది బండి గురించి కాదు, కొడుకు నడుము గురించి. పంటకు పెట్టుబడి, అప్పు, మార్కెట్ ధర చూసుకుంటూ బతికిన రైతుకు ఈ అంకెలు కొత్తవేమీ కావు. ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన బాకీ కాగితం, పెట్రోలు లెక్క ఆయన ముందు పెట్టి, ఎంత పోతుందో దాచకుండా చెప్పాలి. కోపం వస్తే రానివ్వాలి. అమ్మకం రోజున ఆయన్ను వెంట తీసుకుపోవడం మంచిది. బేరంలో కొడుకు కంటే ఆయనే గట్టివాడై ఉంటాడు.

చివరగా బీమా. ఏడాదిలో క్లెయిమ్ చేయకపోతే వచ్చే 20 శాతం నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, యజమానిది. అమ్మేముందు బీమా కంపెనీ దగ్గర దానికి ధ్రువపత్రం తీసుకుంటే కొత్త బండి సొంత డ్యామేజీ బీమాలో ఆ తగ్గింపు దొరుకుతుంది. థర్డ్ పార్టీ బీమాలో మిగిలిన నాలుగేళ్లు మాత్రం పాత బండితోనే కొన్నవాడికి వెళ్తాయి. 1,45,000 దగ్గర బేరం ఆగితే ఇంకాస్త అడగడానికి అది న్యాయమైన కారణం.