తెరుచుకొనని గాలిసంచి

నరసరావుపేట నుండి మాచర్లకు పోవు కార్లలో పెక్కింటియందు ఎయిర్‌బ్యాగు అను గాలిసంచి దాగియుండును. కారు గట్టిగా ఢీకొన్న క్షణముననే అది వాయువుతో ఉబ్బి, మనిషి తలను, ఱొమ్మును కాపాడవలెను. ఆపదవేళ అది తెరుచుకొననిచో కొన్నవాని గతి యేమి?

ఇట్టి వివాదమున సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 20న తీర్పు చెప్పెను. పల్నాడు జిల్లా యేర్పడి అప్పటికి పదునారు దినములే! 2015లో హ్యుందాయి కంపెనీవారి క్రెటా కారు కొన్న ఒక వ్యక్తి, 2017 నవంబరులో పానిపట్టు నుండి ఢిల్లీకి వచ్చుచు ప్రమాదమున చిక్కుకొనెను. కారు ముందుభాగము మిక్కిలి దెబ్బతినెను. తలకు, ఱొమ్మునకు, పండ్లకు గాయములయ్యెను. సంచి మాత్రము తెరుచుకొనలేదు. అతడు ఢిల్లీ రాష్ట్ర వినియోగదారుల కమిషను నాశ్రయించి గెలిచెను.

తాకిడి చాలినంత బలముగా లేదని కంపెనీ సుప్రీంకోర్టు వఱకును వాదించెను. వినుటకు సబబైన వాదమే. కాని ఆ బలమెంతయో కొనువానికి తెలియు టెట్లు? వేగమును, బలమును లెక్కించుటకు కొనుగోలుదారు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కరలేదని న్యాయస్థానము పలికెను. 3 లక్షల రూపాయల పరిహారముతోపాటు వేఱొక కారు ఇయ్యవలెనన్న ఉత్తరువును స్థిరపఱచెను.

2019 నాటి చట్టము ననుసరించి గురజాలవాసి కంపెనీ యున్న ఊరికి పోనక్కరలేదు. తాను నివసించు జిల్లాకు చెందిన కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. అయితే సాధారణముగా రెండేండ్లలోపున చేయవలెను.