బటన్ నొక్కడమే కాదు, ఎక్స్‌రే టెక్నీషియన్ పని

ఇంటర్ బైపీసీ అయ్యాక రేడియాలజీ కోర్సులో చేరతానంటే "బటన్ నొక్కే పనేగా" అని తీసిపారేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు నడుము ఎక్స్‌రే ఎలా తీస్తారో చూపించాలి.

నడుము నొప్పితో వచ్చేవారిలో కొందరికి ఒక వెన్నుపూస కింది పూస మీద ముందుకు జారి ఉంటుంది. వయసు మళ్లినవారిలో ఇది ఎక్కువగా ఎల్4, ఎల్5 పూసల మధ్య కనిపిస్తుంది. ఎంఆర్ఐకి వెల్లకిలా పడుకోబెడతారు గనక జారిన పూస ఒక్కోసారి దాని చోటుకు సర్దుకుంటుంది, తేడా తెలియదు. అందుకే డాక్టర్లు ఫ్లెక్షన్, ఎక్స్‌టెన్షన్ ఎక్స్‌రేలు రాస్తారు. రెండూ పక్కనుంచి తీసేవే. ఒకటి ముందుకు వంగినప్పుడు, మరొకటి వెనక్కి వాలినప్పుడు. రెంటినీ పోల్చి పూస కదలికను కొలుస్తారు. హద్దులు పుస్తకాన్ని బట్టి కాస్త మారినా, మామూలుగా 4 మిల్లీమీటర్లకు మించి జరిగినా, 10 డిగ్రీలకు మించి తిరిగినా పూసల్లో నిలకడ లేదని అనుమానిస్తారు.

కొలత మిల్లీమీటర్లలో ఉందంటే టెక్నీషియన్ మీద ఎంత భారం ఉందో ఊహించండి. నొప్పి భయంతో రోగి తుంటి దగ్గరే వంగి, నడుము బిగబట్టి నిలబడితే ఫిల్ము బాగానే వస్తుంది, జబ్బు మాత్రం దాక్కుంటుంది. కటి ఎముక కాస్త పక్కకు తిరిగినా కొలత చెడిపోతుంది. "ఈ రాడ్ పట్టుకోండి పెద్దమ్మా, నడుము దగ్గర వంగండి, ఓర్చుకోలేకపోతే ఆపేద్దాం" అని నెమ్మదిగా చెప్పి, ఒకసారి వంగి చూపించి, ఆ తర్వాతే ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. దెబ్బ తగిలి అప్పుడే వచ్చినవారిని డాక్టర్ చెప్పకుండా వంచకూడదు. పిల్లల్ని కనే వయసు ఆడవారిని గర్భం సంగతి తప్పక అడగాలి. నా దృష్టిలో ఈ ఉద్యోగంలో అసలు విద్య ఇదే. మెషిన్ వాడకం ఎవరైనా కొన్నాళ్లలో నేర్చుకుంటారు.

చదువుకు రెండు దారులున్నాయి: పారామెడికల్ బోర్డుల కింద మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా, లేదా బీఎస్సీ. వీలైతే బీఎస్సీకే వెళ్లండి. సీటీ, ఎంఆర్ఐ వైపు ఎదగడానికి అది పనికొస్తుంది. ఈ రంగానికి 2021లో కేంద్రం ప్రత్యేక చట్టం తెచ్చింది కాబట్టి కోర్సుకు గుర్తింపు ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఫీజు కట్టేముందు కాలేజీవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. రోజూ రోగులు వచ్చే ఆసుపత్రిలో మాకు ప్రాక్టికల్స్ ఉంటాయా? రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ఇస్తారా? జవాబు సూటిగా రాకపోతే అక్కడ చేరకండి.