బళ్లారి నుంచి సౌదీకి, కువైట్‌కు: బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి

బళ్లారి, సిరుగుప్ప, కురుగోడు, మోకా వైపు నుంచి సౌదీకో కువైట్‌కో పనికి వెళ్తున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గుంతకల్లులోనో కడపలోనో ఉన్న చుట్టాలు మీకు దారి చెప్పే ఉంటారు. వాళ్ల మాట వినండి. అయితే రెండు విషయాలు మీరే తెలుసుకోవాలి. ఒకటి, మీ కాగితాల సంగతి. రెండోది, అక్కడి కట్టుబాటు.

మీ కాగితాలు ఏ రాష్ట్రానివి?

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి, బళ్లారి మైసూరుకు పోయింది. భాష ఒకటే అయినా సర్కారు వేరైంది. పాస్‌పోర్టులో కర్ణాటక చిరునామా ఉన్నవాళ్లు ఆంధ్ర ప్రభుత్వ ప్రవాసీ పథకాలను నమ్ముకుని వెళ్లకూడదు. మీరు వెళ్లవలసింది బెంగళూరులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కిందికి వస్తుంది. సౌదీ, కువైట్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వాళ్లకు కేంద్రప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అది ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా వస్తుంది. ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు అదే పోర్టల్‌లో సరిచూసుకోండి. లైసెన్సున్న ఏజెంటు మీ దగ్గర తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. లక్షలు అడిగేవాడికి, విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తానని చెప్పేవాడికి దండం పెట్టి వచ్చేయండి.

‘ఆజాద్ వీసా’ అన్న మాట ఎవరన్నా జాగ్రత్త. కఫీల్ (మీ వీసాకు పూచీ ఉండే యజమాని) ఒకరు, పనిచేసేది మరొకరి దగ్గర అయితే అక్కడి చట్టం ప్రకారం నేరం మీదే. కువైట్‌కు వెళ్లేవాళ్లు వీసా నంబరు చూసుకోవాలి. 20 అంటే ఇంటిపని, 18 అంటే కంపెనీ పని. కంపెనీలో డ్రైవరు ఉద్యోగమని చెప్పి 20 చేతిలో పెడితే అక్కడే ఆగిపోండి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంది. ఈసీఆర్ వాళ్లకు ఇది తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పైన జీఎస్టీ. పాలసీ కాగితం అడిగి తీసుకోండి.

పెట్టెలో ఏం పెట్టకూడదు?

గసగసాలు. మన మాంసం కూర మసాలాలో అవి మామూలు, అక్కడ మాత్రం మత్తుమందు కిందికి వస్తాయి. అమ్మ దంచి ఇచ్చిన పొడిలో అవి ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి. గుట్కా, ఖైనీ వద్దు. మద్యం రెండు దేశాల్లోనూ నిషేధం. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు, నిద్రమాత్రలు ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లవద్దు. బీపీ, షుగర్ మందులకు డాక్టరు ఇంగ్లిష్‌లో రాసిచ్చిన చీటీ దగ్గరుంచుకోండి. ఎవరో ఇచ్చిన పార్శిల్, అది పక్కింటివాళ్లదైనా, విప్పి చూడకుండా పెట్టెలో వేయకండి.

ఇక్కడి పీర్ల పండుగ వేరు, అక్కడి ఇస్లాం వేరు

మన వైపు పీర్ల పండుగలో హిందువులు మొక్కు చెల్లిస్తారు. దర్గాకు వెళ్లి చక్కెర చదివిస్తారు. గూగూడు కుళ్లాయప్ప పీరు దగ్గరికి అన్ని కులాలవాళ్లూ వెళ్తారు. అందుకే ఇస్లాం మనకు తెలిసిందే అనిపిస్తుంది. సౌదీలో సమాధికి మొక్కడాన్నే తప్పుగా చూస్తారు. ఇక్కడి అలవాటును అక్కడ మాటల్లో కూడా పెట్టకండి.

ఇతర మతాల బహిరంగ పూజకు సౌదీలో అనుమతి లేదు. సొంతానికి చిన్న పటం ఉంచుకుని, గదిలో చప్పుడు లేకుండా దండం పెట్టుకోండి. పుస్తకాల కట్టలు, పంచే కరపత్రాలు తీసుకెళ్లవద్దు. డ్రైవర్లు గట్టిగా గుర్తుపెట్టుకోవలసింది ఇది: మక్కా నగరంలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు. దారిలో వాళ్లకు వేరే దోవ చూపే బోర్డులు ఉంటాయి.

రంజాన్ నెలలో పగలు నలుగురిలో తినడం, నీళ్లు తాగడం, సిగరెట్ కాల్చడం ఏ మతంవారికైనా కుదరదు. గదిలో తినండి. నమాజు చేస్తున్న మనిషి ముందు నుంచి నడవకండి. వారపు సెలవు శుక్ర, శనివారాలు.

మన ఊళ్లో ‘ఇంట్లో ఆమె బాగుందా’ అని అడగడం మర్యాద. అక్కడ యజమాని ఇంటి ఆడవాళ్ల ఊసెత్తకూడదు. ఆమె తనంతట చెయ్యి చాపితే తప్ప మగవాళ్లు చెయ్యి కలపకూడదు. ఎదుటివారు సలాం చెబితే ‘వ అలైకుమ్ అస్సలామ్’ అని బదులివ్వండి. కుడిచేత్తో తినండి, కుడిచేత్తో ఇవ్వండి. లుంగీతో వీధిలోకి వెళ్లకండి. బళ్లారి వీధుల్లో చెవిన పడిన ఉర్దూ మీకు పెద్ద ఆసరా, దానికి పనికొచ్చే అరబీ మాటలు కాసిని జోడించుకోండి.

ఆడవాళ్లకు

ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే వెళ్లాలి. కువైట్‌లో 2015 నాటి ఇంటిపనివారి చట్టం వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని ఇస్తుంది. పాస్‌పోర్టు లాక్కోవడం అక్కడి చట్టానికీ విరుద్ధమే. సౌదీలో విదేశీ స్త్రీలకు అబాయా తప్పనిసరి కాకపోయినా ఒళ్లు నిండా కప్పే వదులు బట్టలు కావాలి.

ఫోను, గది, ఎండ

మతం మీద, రాజకుటుంబం మీద ఒక్క మాట రాయకండి, వచ్చింది ఫార్వర్డ్ చేయకండి. కర్ణాటక తీరానికి చెందిన ఒక కార్మికుడు తన పేరుతో ఎవరో తెరిచిన నకిలీ ఫేస్‌బుక్ ఖాతా వల్ల సౌదీ జైల్లో ఏడాదిన్నరకు పైగా ఉండి, 2021లో బయటపడ్డాడు. ఆడవాళ్లను, ప్రభుత్వ భవనాలను ఫొటో తీయకండి.

గదిలో దిగగానే మెట్లదారి ఎక్కడుందో చూసుకోండి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల భవనం అంటుకుని నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. ఎండలో పని విషయంలోనూ హక్కుంది: సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు 11 నుంచి 4 దాకా ఆరుబయట పని చేయించకూడదు.

కష్టం వస్తే

చెప్పకుండా పారిపోకండి. కఫీల్ ‘పారిపోయాడు’ అని కేసు పెడితే మీ న్యాయమైన ఫిర్యాదు కూడా బలహీనపడుతుంది. ముందు భారత ఎంబసీకి చెప్పండి. ఇంటివాళ్లు భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, 1800 11 3090కు ఫోన్ చేయవచ్చు.

పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా, ఏజెంటు రసీదు, ఈ ఐదింటి నకళ్లూ ఇంట్లో చదవగలిగిన ఒకరి చేతిలో పెట్టండి. అది చేయకుండా విమానం ఎక్కకండి.