మార్చిన ఇంజనుకు ట్యూను: కొనుక్కోవాలా, చేసుకోవాలా?

ఒక కారులోని ఇంజను తీసేసి, దాని స్థానంలో మరో కారు ఇంజను పెట్టుకోవడం మనకు వింతగా తోచవచ్చు గాని, అమెరికాలో అది ఎందరికో సెలవు రోజుల వ్యాపకం. 1997లో జనరల్ మోటార్స్ వారు కార్వెట్ కారులో పెట్టిన ఎల్‌ఎస్1 అనే 5.7 లీటర్ల వి8 ఇంజనునూ, తర్వాత వచ్చిన దాని తోబుట్టువులనూ పాత కార్లలోకి మార్చడం అక్కడ ఎంత మామూలంటే, ఆ పనికి ‘ఎల్‌ఎస్ స్వాప్’ అని ఒక పేరే స్థిరపడిపోయింది. ఇంజను దించడం, బిగించడం పానాలతో అయ్యే పని. అసలు చిక్కు ఆ తర్వాతే. ఎంత పెట్రోలు చల్లాలి, నిప్పురవ్వ ఏ క్షణాన వెయ్యాలి అని నిర్ణయించేది కారులోని చిన్న కంప్యూటరు. దానికి కొత్త ఇంజను సంగతి తెలియదు. ఎవరో ఒకరు తెలియజెప్పాలి. ఆ తెలియజెప్పడాన్నే ట్యూనింగ్ అంటారు.

ఆ ట్యూను డబ్బిచ్చి కొనుక్కోవాలా, లాప్‌టాప్ ముందు పెట్టుకొని సొంతంగా చేసుకోవాలా అన్నదే ఈ వ్యాసంలో చర్చించబోయే విషయం. నాకు కారు లేదు. అమెరికాలో చదువుకుంటున్న మా పెద్దమ్మగారి అబ్బాయి ఇంజను మార్చుకొని, “ఫిజిక్సు చదువుతున్నావు గదరా, లెక్క కట్టి చెప్పు” అని నన్నడిగాడు. పార్ట్‌టైమ్ ఉద్యోగంలో కూడబెట్టిన డబ్బంతా ఆ ఇంజనులోనే ఉంది. ట్యూను తప్పితే పిస్టన్లు కరుగుతాయి, డబ్బూ కరుగుతుంది. లెక్కకు కూర్చుంటే, అది ఇంటర్మీడియట్‌లో మనమందరం బట్టీపట్టిన వాయు సమీకరణమేనని తేలింది.

కంప్యూటరు చేసే లెక్క

పెట్రోలు పూర్తిగా మండడానికి, బరువు ప్రకారం 1 పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళు గాలి కావాలి. కాబట్టి సిలిండరులోకి ఎంత గాలి వచ్చిందో తెలిస్తే ఎంత పెట్రోలు పోయాలో తెలుస్తుంది. కొన్ని కార్లలో వచ్చే గాలిని నేరుగా కొలిచే మీటరు ఉంటుంది. మరికొన్నింటిలో గాలి పీడనం, ఉష్ణోగ్రత మాత్రమే కొలిచి, పి.వి. = ఎన్.ఆర్.టి. అనే సూత్రంతో గాలి బరువు కడతారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2000 సి.సి. ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కటి 500 సి.సి. పీడనం 100 కిలోపాస్కల్స్, ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే 300 కెల్విన్లు. ఆ లెక్కన సిలిండరు నిండా పట్టే గాలి 0.58 గ్రాములు. కాని ఏ ఇంజనూ ప్రతి వేగంలోనూ నిండుగా గాలి పీల్చదు. 80 శాతం పీల్చిందనుకొంటే 0.465 గ్రాములు. ఈ 80 శాతాన్నే ‘వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ’, పొట్టిగా వి.ఇ. అంటారు. వేగం ఒక వైపు, పీడనం ఒక వైపు వేసి గళ్ళు గీసిన పట్టికలో ప్రతి గడికీ ఒక వి.ఇ. అంకె ఉంటుంది. ఆ పట్టికే ట్యూనుకు ప్రాణం.

పూర్తి బలంతో లాగేటప్పుడు పెట్రోలు కొంచెం ఎక్కువే పోయాలి. అసలు నిష్పత్తిని 1 అనుకొంటే 0.875 దగ్గర ఉంచుతారు. ఈ కొలతనే లాంబ్డా అంటారు. 1 కంటె తక్కువైతే పెట్రోలు ఎక్కువని, 1 దాటితే తక్కువని అర్థం. మన ఉదాహరణలో 36 మిల్లీగ్రాముల పెట్రోలు కావాలి. నిమిషానికి 240 సి.సి. చల్లే ఇంజెక్టరు మిల్లీసెకండుకు సుమారు 3 మిల్లీగ్రాములు ఇస్తుంది. కాబట్టి అది 12 మిల్లీసెకండ్లు తెరుచుకొని ఉండాలి.

ఇప్పుడు ఆ కంప్యూటరు తాను ఇంకా పాత 1600 సి.సి. ఇంజనుకే పనిచేస్తున్నానని నమ్ముతోందనుకోండి. 9.6 మిల్లీసెకండ్లు తెరిచి మూసేస్తుంది. లాంబ్డా 1.09 అవుతుంది. నిండు భారం మీద పెట్రోలు చాలక వేడి పెరుగుతుంది, నాకింగ్ మొదలవుతుంది, చివరకు పిస్టనుకే చిల్లు పడవచ్చు. గాలిని నేరుగా కొలిచే కార్లకు ఈ ప్రమాదం కొంత తక్కువ. లెక్క కట్టే కార్లకు ఎక్కువ.

కొనే ట్యూను ఎన్ని రకాలు?

మొదటిది, తయారుగా ఉన్న ఫైలు. ఫలానా ఇంజను, ఫలానా ఇంజెక్టర్లు అంటే చాలు, అమ్మేవాడు అందరికీ ఇచ్చేదే మనకూ ఇస్తాడు. రెండవది, ఉత్తరాల మీద వైద్యం లాంటిది. కారు నడుస్తుండగా నమోదైన అంకెలను మనం పంపితే, అతను ఫైలు సవరించి తిరిగి పంపుతాడు. అలా నాలుగైదు సార్లు. మూడవది, కారును డైనమోమీటరు మీదికి ఎక్కించి, టార్క్ కొలుస్తూ నిపుణుడే దగ్గరుండి చెయ్యడం. ఖర్చు ఎక్కువే గాని పని నిజమైనది.

మొదటి రకం గురించి రైతుబిడ్డగా ఒక మాట చెబుతాను. పక్క చేనువాడు ఎన్ని బస్తాల యూరియా వేశాడో అడిగి, మన చేనుకూ అంతే వెయ్యడం లాంటిదది. ఒక్కోసారి పంట బాగానే పండుతుంది. అయినా మన మట్టి సంగతి మన మట్టిని పరీక్షిస్తేనే తెలుస్తుంది. కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉన్న కారుకు తయారు ఫైలు సరిపోవచ్చు. ఇంజను మార్చిన కారులో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్, ఇంజెక్టర్లు ఎవరికి దొరికినవి వాళ్ళవి. అలాంటి రెండు కార్లు ఒకేలా ఉండవు.

సొంతంగా చేసుకొనే దారి

2001లో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు మెగాస్క్విర్ట్ అనే ఇంజను కంప్యూటరును, మనమే టంకం వేసి తయారు చేసుకొనే విధంగా బయటికి తెచ్చారు. తర్వాత ఆర్డ్యుయినో మీద నడిచే స్పీడుయినో వచ్చింది. ఈ రెండింటినీ ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేరుతో సవరించవచ్చు. కంపెనీవారి కంప్యూటరునే ఉంచుకొని, దానిలోని పట్టికలు మార్చాలంటే హెచ్.పి. ట్యూనర్స్ వంటివి ఉన్నాయి.

పెట్రోలు పట్టికను దిద్దడం కష్టమేమీ కాదు. ఎగ్జాస్ట్ గొట్టంలో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరు పెట్టాలి. మామూలు సెన్సరు, 1కి ఇటా అటా అని మాత్రమే చెబుతుంది. వైడ్‌బ్యాండ్ అయితే ఎంత దూరమో కూడా చెబుతుంది. ఒక గడిలో వి.ఇ. 70 ఉంది, కావలసిన లాంబ్డా 0.875, కొలిస్తే 1.00 వచ్చిందనుకోండి. 70ని 1.00తో గుణించి 0.875తో భాగిస్తే 80. ఆ గడిలో 80 రాయాలి. అంతే. సాఫ్ట్‌వేరు ఈ పని తానే చేసేస్తుంది కూడా.

అయితే యంత్రం ఇచ్చిన అంకెను కళ్ళు మూసుకొని నమ్మరాదు. సెన్సరుకు ముందు గొట్టంలో కారుడు ఉంటే బయటి గాలి చేరి, పెట్రోలు తక్కువైనట్టు చూపిస్తుంది. ఒక సిలిండరు మండకపోయినా వాడని ఆక్సిజన్ బయటికొచ్చి అదే అబద్ధం చెబుతుంది. ఇంజను వేడెక్కకముందు తీసిన అంకెలూ పనికిరావు.

పని వరుస ఇలా ఉండాలి. ముందుగా టైమింగ్ లైటుతో చూసి, సాఫ్ట్‌వేరు 10 డిగ్రీలు అన్నప్పుడు ఇంజను మీద నిజంగా 10 డిగ్రీలే ఉన్నదా అని సరిచూడాలి. తర్వాత ఐడిలింగ్, ఆ తర్వాత తేలిక భారం, చిట్టచివర నిండు భారం. ఒకసారికి ఒకటే మార్పు. ప్రతి మార్పుకూ ముందు ఫైలును దాచుకోవాలి. నడిపేవాడు లాప్‌టాప్ వంక చూడకూడదు. అందుకు రెండో మనిషి ఉండాలి.

నిప్పురవ్వ దగ్గర ఆగాలి

ఇంధనం తప్పితే సెన్సరు చెబుతుంది. నిప్పురవ్వ వేళ తప్పితే అది చెప్పదు. 3000 ఆర్.పి.ఎమ్. దగ్గర ఇంజను ఒక్క మిల్లీసెకండులో 18 డిగ్రీలు తిరుగుతుంది. 6000 దగ్గర 36 డిగ్రీలు. మంట వ్యాపించడానికి కొంత కాలం పడుతుంది కాబట్టి రవ్వను ముందుగానే వెయ్యాలి. మరీ ముందు వేస్తే నాకింగ్, ఆలస్యమైతే బలం తగ్గి ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. సరైన చోటు తెలియాలంటే టార్క్ కొలవాలి, నాకింగ్ వినాలి. రోడ్డు మీద రెండూ కుదరవు.

కనుక మా అన్నకు నేను రాసిన తీర్పు ఇది: మొదట స్టార్టు కావడానికి ఒక ఫైలు కొనుక్కో, తప్పులేదు. పెట్రోలు పట్టిక నువ్వే దిద్దుకో; దానితో నీ ఇంజను నీకు తెలుస్తుంది. నిప్పురవ్వ పట్టికను జంకుగా, వెనక్కే ఉంచి, డైనమోమీటరు ఉన్న అనుభవజ్ఞుడి చేత చేయించుకో. డబ్బిచ్చేముందు ఒక్కటి అడుగు, “ఫైలు తాళం వెయ్యకుండా ఇస్తారా?” అని. కొందరు రహస్యపదం పెట్టి తాళం వేస్తారు. అప్పుడు ఇంజెక్టరు మార్చినా మళ్ళీ వాళ్ళ గుమ్మమే ఎక్కాలి.

చట్టం, పొగ, హక్కు

ఇదంతా ఒకరి సరదా మాత్రమే కాదు. గొట్టంలోంచి వచ్చే పొగ ఊరందరిదీ. 2015లో ఫోక్స్‌వాగన్ వారు పరీక్షప్పుడు ఒక విధంగా, రోడ్డు మీద మరో విధంగా నడిచే సాఫ్ట్‌వేరు పెట్టి పట్టుబడ్డారు; ప్రపంచం మొత్తం మీద సుమారు 1.1 కోట్ల కార్లలో అది ఉంది. పట్టికలోని అంకెలకు ఎంత శక్తి ఉందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. కాలిఫోర్నియాలో ఇంజను మారిస్తే, కారు ఏ సంవత్సరందో ఆ సంవత్సరపు లేదా తర్వాతి ఇంజనే పెట్టి, పొగ తగ్గించే పరికరాలన్నీ ఉంచి, రెఫరీకి చూపించాలి. మన దేశంలోనూ 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇష్టం వచ్చినట్టు మార్పులు చెయ్యడానికి వీలు లేదు.

అదే 2015లో, సొంత వాహనంలోని సాఫ్ట్‌వేరును మరమ్మతు కోసం తెరిచే యజమానికి అమెరికా కాపీరైటు నిబంధనల్లో మినహాయింపు ఇచ్చారు. కార్లతో పాటు అందులో ట్రాక్టర్ల వంటి వ్యవసాయ వాహనాలూ చేరాయి. రేపు మన పొలాల్లోని ట్రాక్టర్లన్నీ కంప్యూటరుతో నడిచేవే అవుతాయి. అప్పుడు తాళం ఎవరి చేతిలో ఉంటుందన్నది రైతుకు అరక కదిలే ప్రశ్న. తాళం చేతికొచ్చినా లోపలి పట్టిక చదవడం రావాలి కదా! అందుకు కావలసిన సమీకరణం మన పాఠ్యపుస్తకంలోనే ఉంది.