ఎక్స్ఛేంజికి తాళం వేసేదెవరు?

ఆఫీసు టెలిఫోను ఎక్స్ఛేంజికి గడియారం కావాలంటే చాలామంది నవ్వుతారు. వేళ చెప్పే గడియారం సంగతి కాదిది. కచేరీలో వయొలినూ మృదంగమూ ఒకే తాళానికి కట్టుబడతాయి చూడండి, అటువంటి తాళం.

డిజిటల్ టెలిఫోనులో మన గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లుగా వ్రాస్తారు. అంటే ఒక్క సంభాషణకు 64 కిలోబిట్లు. మనదేశంలో ఆఫీసులకిచ్చే పి.ఆర్.ఐ. లైనులో ఇటువంటి గళ్ళు 32. ముప్ఫై మాటలకు, ఒకటి సంకేతాలకు, ఒకటి వరుస కలుపుకోవడానికి. ఈ వరుసకు ఫ్రేము అని పేరు. ప్రతి 125 మైక్రోసెకన్లకూ ఒకటి వస్తుంది. పంపేదీ అందుకునేదీ ఒకే వేగంతో నడవాలి కదా, ఎవరి వేగం ప్రమాణం? టెలిఫోను కంపెనీది. దాని మూలం సీజియం గడియారం. అటువంటివి రెండు విడివిడిగా నడిచినా ఒక్క ఫ్రేము తేడా రావడానికి సుమారు 72 రోజులు పడుతుంది.

ఆఫీసు ఎక్స్ఛేంజిలోని క్వార్ట్జు స్ఫటికానికి అంత నిష్ఠ లేదు. పదిలక్షలకు 50 పాళ్ళు తేడా ఉందనుకోండి. సెకనుకు 50 మైక్రోసెకన్లు, రెండున్నర సెకన్లకు ఒక ఫ్రేము. దాన్ని పారేయాలి, లేకపోతే పాతదాన్నే మళ్ళీ చదవాలి. దీన్నే స్లిప్ అంటారు. మాట్లాడేవారికి ఎప్పుడైనా 'టిక్'మంటుంది, అంతే. ఫ్యాక్సుకు మాత్రం ప్రాణాంతకం: గీతలు ఎగిరిపోతాయి, కాలు తెగిపోతుంది.

ఇంటర్నెట్ మీది సిప్ ట్రంకుకు మారేటప్పుడు వచ్చే చిక్కు ఇదే. లైనుతో పాటు తాళమూ పోతుంది. పాత ఎక్స్ఛేంజిని ఉంచి మధ్యలో గేట్‌వే పెడతారు. రెంటికీ నడుమ అదే 32 గళ్ళ తీగ. రెండూ సొంత తాళం వేస్తే, పైన చెప్పిన లెక్కప్రకారం స్లిప్పులు. రెండూ ఎదుటివాణ్ణి అనుసరిస్తే మరీ విచిత్రం: ఒకదాన్నొకటి పట్టుకుని ఎటో కొట్టుకుపోయి, చివరకు పట్టు తప్పుతాయి. మొదటి రోజు అంతా బాగానే పలుకుతుంది గనుక నింద ఇంటర్నెట్ మీద పడుతుంది! స్లిప్పుల లెక్క చూడాలి. క్రమమైన వ్యవధిలో పెరుగుతుంటే అది గడియారం తగాదాయే. గేట్‌వే తాళం వెయ్యాలి, ఎక్స్ఛేంజి అనుసరించాలి. మార్పు నడుమ పాత పి.ఆర్.ఐ. ఒకటి మిగిలి ఉంటే, అదే రెంటికీ గురువు. దాన్ని తీసేసే రోజున ఈ ఏర్పాటు మళ్ళీ మార్చుకోవాలి. ఆ రోజే చాలామంది మరచిపోతారు.

ఇంటర్నెట్ వైపు తాళమే ఉండదు. మాట 20 మిల్లీసెకన్ల పొట్లాలుగా, పొట్లానికి 160 బైట్లుగా వస్తుంది. అందుకునేవాడు తన గడియారంతో విప్పుకుంటాడు. ఇక్కడా 50 పాళ్ళ తేడా ఉంటే 6 నిమిషాల 40 సెకన్లకు ఒక పొట్లం ఎక్కువో తక్కువో అవుతుంది. మాటల్లో మౌనాలుంటాయి, అక్కడ సర్దుకోవచ్చు. ఫ్యాక్సు పేజీలో మౌనమెక్కడిది? అందుకే దానికి టి.38 అనే పద్ధతి వచ్చింది. ధ్వనిని కాక, పేజీలోని సమాచారాన్నే పంపుతుంది.

ఎన్.టి.పి. పెట్టాం కదా, ఇంకేం అనేవారున్నారు. అది కాలు ఎన్ని గంటలకు వచ్చిందో బిల్లులో సరిగా వ్రాయిస్తుంది. తాళం వెయ్యదు.