విజేత గుర్రము – వీపు మీది బరువు

పందెపు గుర్రమనగానే మనలో పలువురికి జూదము జ్ఞాపకము వచ్చును. కొత్తవలస పరిసరములలో మనకు పరిచయమైన గుర్రము, ఒకప్పుడు రైలు దిగినవారిని ఇల్లు చేర్చిన జట్కా గుర్రమే. అయినను పందెములలో కీర్తి గాంచిన గుర్రముల చరిత్రలో విద్యార్థులు గ్రహింపదగిన పాఠమొకటి గలదు. దానిని ఈ వ్యాసమున పరిశీలింతము.

తెలుగునాట గుర్రపు పందెములకు ప్రధాన స్థానము హైదరాబాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమున, 1886లో, అచ్చటి పందెములు మౌలాలీ నుండి మలక్‌పేటకు మారినవి. సవారీ, జీను, లగాము అను మాటలు పారసీకమున పుట్టి, నేడు తెలుగువారి నోట సహజముగా పలుకుచున్నవి. గుర్రముల వంశమును పరికించినను ఇట్టి సంబంధమే కనిపించును. పందెములకై ఇంగ్లండులో రూపొందిన థారోబ్రెడ్ జాతికి మూలపురుషులుగా చెప్పబడు మూడు గుర్రములును తూర్పు దేశముల నుండి వెళ్లినవే. వానిలో డార్లే అరేబియన్ అను గుర్రమును 1704లో సిరియాలోని అలెప్పో నగరమున కొని పంపిరి.

ఆ గుర్రపు వంశములో పుట్టినదే ఎక్లిప్స్. 1764లో సూర్యగ్రహణము నాడు జన్మించుటచే దానికా పేరు వచ్చినది. 1769, 1770 సంవత్సరములలో అది 18 పందెములలో పాల్గొని ఒక్కదానిలోనైనను ఓడలేదు. ఎదుట నిలుచు గుర్రము లేక, కొన్ని పందెములలో ఒంటరిగా నడచియే గెలిచినది. హంగరీకి చెందిన కించెం అను ఆడ గుర్రము 54 పందెములలో 54 గెలిచినది. మన కాలములో ఫ్రాంకెల్ 2010 నుండి 2012 వరకు 14 పందెములలో పాల్గొని అన్నిటను గెలిచినది.

గుర్రముల శక్తిలోని తేడాను సరిచేయుటకు కొన్ని పందెములలో హ్యాండికాప్ అను పద్ధతి గలదు. మేలైన గుర్రమునకు ఎక్కువ బరువు, తక్కువదానికి తక్కువ బరువు నిర్ణయింతురు. జాకీ బరువు చాలనిచో జీనులో సీసపు బిళ్లలు చేర్చుదురు. అనగా గెలిచినకొలది వీపు మీది భారము పెరుగును.

ఈ విషయమును ఫార్ లాప్ జీవితము చక్కగా తెలుపును. 1926లో న్యూజిలాండులో పుట్టిన ఈ గుర్రము 160 గినీల స్వల్ప ధరకు అమ్ముడుపోయినది. 1930లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ కప్పును సుమారు 62 కిలోల బరువుతో గెలిచినది. మరుసటి సంవత్సరము దానిపై 68 కిలోలు మోపగా ఎనిమిదవ స్థానమున నిలిచినది. 1932లో అమెరికా ఖండమునకు వెళ్లి, మెక్సికోలో గొప్ప పందెము గెలిచిన కొలది దినములకే కాలిఫోర్నియాలో మరణించినది. 51 పందెములలో 37 విజయములు సాధించిన ఆ గుర్రపు గుండె 6.2 కిలోల బరువుండెను. దానిని నేటికిని కాన్‌బెరా నగరములోని జాతీయ ప్రదర్శనశాలలో చూడవచ్చును.

డెర్బీ పందెముల నియమము వేరు. అందు ఒకే వయసు గల మగ గుర్రములన్నిటికి సమానమైన బరువే. ఆడ గుర్రములకు కొంత మినహాయింపు. బొంబాయి మహాలక్ష్మి మైదానమున 1943లో జరిగిన మొదటి ఇండియన్ డెర్బీని గెలిచినది ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అను ఆడ గుర్రమే. 1977లో అదే డెర్బీని గెలిచిన స్క్వాండరర్ భారతదేశపు మేటి గుర్రములలో ఒకటిగా ప్రసిద్ధి కెక్కినది.

విజయము వెనుక విషాదమును గలదు. అమెరికాలో రఫియన్ అను ఆడ గుర్రము పాల్గొన్న 10 పందెములను వరుసగా గెలిచినది. 1975 జూలైలో, జనుల ఉత్సాహము కొరకు, ఒక మేటి మగ గుర్రముతో దానికి జంట పోటీ ఏర్పాటు చేసిరి. పరుగు మధ్యలో దాని కాలు విరిగినది, అది బ్రతుకలేదు. ఆ పోటీని కోరినది గుర్రము కాదు, మనుష్యులు.

గుర్రపు పందెము నైపుణ్యముతో కూడిన క్రీడయని మన సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పినది. అయినను పందెము కాచి ఇల్లు గుల్ల చేసికొన్నవానికి ఆ తీర్పు ఊరట నీయదు. అట్లే, మూగజీవిపై మితిమీరిన భారము మోపుట నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టము చెప్పుచున్నది. ఆ చట్టము పందెపు గుర్రమునకును, జట్కా గుర్రమునకును ఒక్కటే.

మొదటి తరగతిలో ఉత్తీర్ణుడైన విద్యార్థిపై ఇంటివారి ఆశలు, ఊరివారి ఆశలు సీసపు బిళ్లలవలె ఒక్కొక్కటే చేరును. భారము మోయుట నేర్వవలసినదే. కాని గుర్రమునకు లేని అదృష్టమొకటి మనకు గలదు. బరువు మితిమీరినప్పుడు మనము నోరు తెరచి చెప్పగలము. చెప్పుటకు విద్యార్థులు సంకోచింపరాదు. వినుటకు పెద్దలు విసుగు చెందరాదు.